తాతయ్య ప్లేట్లు, మాస్టారి ముల్లు: పాత రికార్డులు ఎక్కించే షాపు మీద నా రివ్యూ

అయిదుకి మూడున్నర. మార్కులు ముందే చెప్పేశాను కాబట్టి తొందరున్నవాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. అటక మీద గ్రామఫోను ప్లేట్లు పెట్టుకుని, పారెయ్యలేక, వినలేక ఉన్నవాళ్ళు మాత్రం చివరిదాకా చదవండి.

షాపు విశాఖపట్నం వన్‌టౌన్‌లో ఒక సందులో ఉంది. పేరు రాయడం లేదు. కింద కొన్ని ఫిర్యాదులున్నాయి, పైగా షాపు నడిపే మాస్టారు డెబ్బై దాటిన మనిషి. కిందంతా పాత రేడియోలూ, టేపు రికార్డర్లూ, విప్పేసిన ఆంప్లిఫయర్లూ. వెనక ఒక చిన్న ఏసీ గదిలో టర్న్‌టేబులు, కంప్యూటరు. క్యాసెట్లు, ఎల్పీలు, 78 ప్లేట్లు (నిమిషానికి 78 సార్లు తిరిగే పాత గ్రామఫోను ప్లేట్లు) ఏవి తీసుకెళ్ళినా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇస్తారు. 78 ప్లేటుకి ఒక వైపు 200 రూపాయలు. క్యాసెట్ కంటే ఎక్కువేంటని అడిగితే, "ఎల్పీ ముల్లు దీనికి పనికిరాదు మేడమ్, గాడి మూడింతలు వెడల్పు. దీని ముల్లు వేరు, పని వేరు" అన్నారు. నిజమే. ఇంట్లో ఎవరైనా ఎల్పీ ప్లేయర్ మీద 78 ప్లేటు పెట్టి, గరగర తప్ప ఏమీ రావట్లేదని ప్లేటుని తిడుతుంటే, తప్పు ప్లేటుది కాకపోవచ్చు.

మా అమ్మ పోయాక అటక దులుపుతుంటే ఒక రేకుపెట్టెలో పదకొండు ప్లేట్లు దొరికాయి. అమ్మమ్మగారింటి నుంచి వచ్చినవి. తాతయ్య వాల్తేరులో రైల్వే గుమస్తా. 1946లో ఇంగ్లండ్ వెళ్ళిపోతున్న ఒక దొర ఇంటి సామాను వేలం వేస్తుంటే వెళ్ళి, గ్రామఫోనూ పది ప్లేట్లూ కలిపి పాడుకొచ్చాడట. పదకొండోది ముందే సొంతంగా కొన్నది. "మంచాలు వేలం వేస్తుంటే మంచాలు కొనుక్కోరా ఎవరైనా?" అని అమ్మమ్మ పోయేదాకా సాధిస్తూనే ఉంది. గ్రామఫోను ఎప్పుడో పాతసామాన్లవాడికి పోయింది. ప్లేట్లు మిగిలాయి.

పెట్టెని ఆటోలో ఒళ్ళో పెట్టుకుని, ప్లేట్లన్నీ నిలువుగా ఉండేట్టు పాత టవల్ కుక్కి తీసుకెళ్ళాను. పడుకోబెట్టి ఒకదానిమీద ఒకటి పేరిస్తే స్పీడు బ్రేకరు దగ్గరే పని అయిపోతుంది. అప్పటికే ఒకటి మధ్యకి చీలి ఉంది.

మొదటి అర మార్కు అక్కడే పోయింది. మాస్టారు లోపల ఫోన్‌లో ఉన్నారు. అసిస్టెంటు కుర్రాడు పైన ఉన్న ప్లేటు తీసి, దూది మీద స్పిరిట్ ఒంపుకుని తుడవబోయాడు. నేను అరిచిన అరుపుకి పక్క షాపువాళ్ళు తొంగిచూశారు. ఈ ప్లేట్లు షెల్లాక్‌వి. షెల్లాక్ అంటే మన లక్కే, ఏటికొప్పాక బొమ్మలకి రంగుల్లో కలిపి పట్టించే లక్క. వడ్రంగులు పాలిష్ కోసం దాన్ని కరిగించుకునేదే స్పిరిట్‌లో. తుడిస్తే దుమ్ముతోపాటు పాట కూడా దూదికి వచ్చేస్తుంది. "ఎల్పీలకి అలాగే చేస్తాం ఆంటీ" అన్నాడు పాపం. మాస్టారు వచ్చి వాణ్ణి కసిరి, డిస్టిల్డ్ వాటర్‌లో రెండు చుక్కలు లిక్విడ్ సబ్బు కలిపి, మెత్తటి బ్రష్‌తో గాడి వెంబడే తిప్పుతూ, మధ్య కాయితం తడవకుండా కడిగారు. అలా కడగడం చూశాకే పెట్టె అక్కడ వదిలే ధైర్యం వచ్చింది.

లక్క సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ లక్కకి పెద్ద కటకట వచ్చింది. ప్రపంచానికి లక్క పంపేది ముఖ్యంగా మన దేశమే. 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకి వాడే షెల్లాక్‌ని 70 శాతం కోసేసింది. పాత ప్లేటు తెచ్చిస్తేనే కొత్తది అమ్మే షాపులుండేవి. అంటే ఆ ఏళ్ళలో ఒక ప్లేటుని ఇంట్లో ఉంచుకున్నారంటే దాని మీద ఎంతో కొంత మమకారం ఉన్నట్టే.

ఇక మూడున్నర మార్కులు ఎందుకో చెప్తాను. మాస్టారు ప్లేటుని నేరుగా టర్న్‌టేబులు ఎక్కించలేదు. టేబుల్ లైటు పక్కకి వంచి, గడియారాలవాళ్ళు కంటికి పెట్టుకునే భూతద్దం పెట్టుకుని, ఒక్కొక్కటీ తిప్పి చూశారు. నన్నూ చూడమన్నారు. కొత్త గాడి నల్లగా అద్దంలా మెరుస్తుంది. ఎక్కువసార్లు వేసింది బూడిదరంగుకి తిరిగి ఉంటుంది. ఉక్కు ముల్లుని ప్రతి వైపుకీ మార్చాలి. మార్చకుండా అదే ముల్లుతో పదిసార్లు వేస్తే గాడి తెల్లబడిపోతుంది. "ఈ ఇంట్లో ఏ పాట ఇష్టమో ఎవర్నీ అడగక్కర్లేదు మేడమ్, దీన్ని చూస్తే చాలు" అన్నారు. అరిగిపోయిన రికార్డు అని రోజూ తిట్టుగా వాడే నాకు, అరగడం అంటే ఏమిటో కళ్ళతో చూడటం అదే మొదటిసారి.

అన్నిటికంటే తళతళలాడుతున్నది 'హాంగ్ అవుట్ ద వాషింగ్ ఆన్ ద సీగ్‌ఫ్రీడ్ లైన్'. 1939లో వచ్చింది. సీగ్‌ఫ్రీడ్ లైన్ అంటే జర్మనీవాళ్ళు పశ్చిమ సరిహద్దున కట్టుకున్న కోటలాంటి రక్షణ వరస. దాని మీద మా బట్టలు ఆరేసుకుంటాం అని ఎకసెక్కం. రాసిన జిమ్మీ కెనడీ అప్పుడు బ్రిటిష్ సైన్యంలో కెప్టెన్. యుద్ధం ప్రకటించారే గానీ అసలు పోరు ఇంకా మొదలు కాని రోజులవి. ఇంగ్లండంతా ఆ పాట పాడింది. 1940 మే, జూన్ వచ్చేసరికి ఫ్రాన్స్‌లోని డన్‌కర్క్ ఒడ్డు నుంచి ఆ సైన్యమే దొరికిన పడవెక్కి వెనక్కి రావాల్సి వచ్చింది. ఆ తరవాత ఇది వేస్తే ఎవరికి నవ్వొస్తుంది? మా ప్లేటు మీద గీత కూడా సరిగా పడలేదు. కొన్నదీ ఉంచుకున్నదీ దొరే, వెయ్యడానికి మాత్రం మొహం చెల్లినట్టు లేదు.

దాని పక్కనే అందరికంటే పాతది, 'ఇట్స్ ఎ లాంగ్ వే టు టిపరరీ', జాన్ మెకార్మాక్ గొంతు. 1914 నవంబరు రికార్డింగు. మైకు లేని కాలం. గరాటులాంటి గొట్టం ముందు నిలబడి గట్టిగా పాడితే ఆ ఊపుకే మైనం మీద గీత పడేది. ఇలాంటి ప్లేట్లు లేబుల్ మీద ఏం రాసున్నా కచ్చితంగా 78 మీద తిరగవని మాస్టారికి తెలుసు. రెండు మూడు స్పీడుల్లో వేసి చూసి, గొంతు మనిషి గొంతులా వచ్చేదాకా సర్దారు. 200 రూపాయలకి ఇంత ఓపిక ఎక్కువే.

టిపరరీ అసలు యుద్ధం కోసం కట్టిన పాటే కాదు. మొదటి ప్రపంచ యుద్ధానికి రెండేళ్ళ ముందు, 1912లో జాక్ జడ్జ్ అనే రంగస్థలం పాటగాడు కట్టినది. లండన్‌లో ఉన్న ఒక ఐరిష్ కుర్రాడికి ఊళ్ళో ఉన్న పిల్ల మీద బెంగ, అంతే విషయం. 1914 ఆగస్టులో ఫ్రాన్స్‌లోని బులోన్ రేవులో దిగిన ఐరిష్ పటాలం ఒకటి దీన్ని పాడుకుంటూ వెళ్ళడం ఒక విలేఖరి చూసి పేపర్లో రాశాడు. అక్కణ్ణించి అది సైనికుల పాటైపోయింది. కవాతు పాటలు కావలసినన్ని ఉండగా, వాళ్ళు ఏరుకున్నది ఇంటికి చాలా దూరం ఉందనే పాట. అమెరికా సంగతి ఇంకా తమాషా. 1915లో అక్కడ జోరుగా అమ్ముడైన పాట, నా కొడుకుని సైనికుడవ్వాలని పెంచలేదు అనే తల్లి పాట. 1917లో ఆ దేశం యుద్ధంలోకి దిగగానే, యుద్ధానికి వస్తున్నాం అనే 'ఓవర్ దేర్' మోగిపోయింది. రెండేళ్ళలో జనం మారిపోయారా, వినిపించేవాళ్ళు మారారా అన్నది నాకు ఇప్పటికీ అనుమానమే. ఆ రెండూ మా పెట్టెలో లేవు లెండి.

ఇప్పుడు అన్నిటికంటే తెల్లబడిన ప్లేటు. మాస్టారు భూతద్దం తీసేసి "అబ్బో" అన్నారు. ఇంగ్లండ్ గాయని వెరా లిన్ పాడిన 'వుయ్ల్ మీట్ ఎగైన్', 1939. ఆమె వెనక ఆర్కెస్ట్రా లేదు, ఆర్థర్ యంగ్ వాయించిన నోవాకార్డ్ ఒక్కటే. "ఇది కీబోర్డా? ఆ రోజుల్లోనా?" అని కుర్రాడు ఆశ్చర్యపోయాడు. నిజంగానే కీబోర్డే. హామండ్ కంపెనీ ఆ ఏడాదే మార్కెట్లోకి తెచ్చింది. లోపల 160కి పైగా వాల్వులు. ఆ గుయ్యిమనే నాదం మీద ఇరవై రెండేళ్ళ అమ్మాయి, ఎక్కడో తెలీదు, ఎప్పుడో తెలీదు, మళ్ళీ కలుస్తాం అంటుంది. ఇందులో శత్రువు లేడు, జెండా లేదు.

బీబీసీలో 1941 చివర్లో ఈమె కార్యక్రమం మొదలైనప్పుడు కొందరు పార్లమెంటు సభ్యులకీ, రిటైరైన సైనికాధికారులకీ నచ్చలేదు. ఇలాంటి ఏడుపు పాటలు వింటే కుర్రాళ్ళు మెత్తబడిపోతారని వాళ్ళ బాధ. 1942లో బీబీసీ మరీ జాలి కారే పాటల్ని ఆపాలని నియమం కూడా పెట్టుకుంది. జనం మాత్రం ఆమెకి ఉత్తరాలు రాయడం మానలేదు. 1944లో ఆమె మన దేశం మీదుగా బర్మా సరిహద్దుకి వెళ్ళి, ఎవరూ పట్టించుకోవడం లేదని తమని తామే మరిచిపోయిన సైన్యం అనుకుంటున్న బ్రిటిష్ పద్నాలుగో ఆర్మీ వాళ్ళకి పాడి వచ్చింది. ఆ ఆర్మీలో ఎక్కువమంది మనవాళ్ళే. మన సిపాయిలు ఎంతమంది ఆ పాట విన్నారో, ఏమనుకున్నారో ఎవరూ రాసిపెట్టినట్టు నాకు కనబడలేదు.

మరి మా ప్లేటుని ఇంతలా అరగదీసింది ఎవరు? దొరా? తాతయ్యా? స్పీకర్లో పల్లవి మొదలవగానే నాకు చెయ్యి వణికింది. మా అమ్మ నా కూతుర్ని ఒళ్ళో వేసుకుని మాటల్లేకుండా ఊఁ ఊఁ అంటూ జోకొట్టిన వరస అదే. ఏదో అమ్మమ్మ కాలం నాటి జోల అనుకున్నానిన్నాళ్ళూ. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ రోజుల్లో బ్రిటన్ రాణి టీవీలో ఆ పాట మాటతోనే ప్రసంగం ముగించినప్పుడు నేనూ చూశాను, అమ్మా చూసింది. మాటలు తెలియవు కాబట్టి అమ్మకీ తట్టలేదు, వరస వినిపించలేదు కాబట్టి నాకూ తట్టలేదు. ఆ జూన్‌లోనే వెరా లిన్ 103 ఏళ్ళకి పోయింది. మాస్టారు ఇంకోసారి వేశారు, డబ్బులు అడగలేదు.

ఆమెదే 'వైట్ క్లిఫ్స్ ఆఫ్ డోవర్' కూడా ఉంది, బాగానే అరిగింది. డోవర్ కొండల మీద నీలం పిట్టలు ఎగురుతాయని పాట. ఆ పిట్ట అమెరికా పిట్ట, డోవర్‌లో ఉండదు. రాసింది అమెరికా ఆయన. విన్నవాళ్ళెవరూ ఆ తప్పు పట్టలేదు. బాంబులు పడుతున్నప్పుడు పిట్ట ఏ దేశందో ఎవడు చూస్తాడు?

'లిలీ మార్లీన్' ప్లేటు ఆన్ షెల్టన్ పాడిన ఇంగ్లిషుది, 1944. అసలు పాట జర్మన్‌ది. 1915లో రాసిన కవితకి 1938లో వరస కట్టారు, 1939లో లాలే ఆండర్సన్ పాడింది. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 1941లో జర్మన్లు బెల్‌గ్రేడ్ రేడియోని పట్టుకున్నాక అక్కడ రాత్రి పది కాబోతుండగా రోజూ వెయ్యడం మొదలెట్టారు. ఉత్తర ఆఫ్రికా ఎడారిలో అటు జర్మన్లూ ఇటు బ్రిటిష్‌వాళ్ళూ ఒకే పాట కోసం రేడియోలు తిప్పేవాళ్ళు. హిట్లర్ ప్రచార మంత్రి గోబెల్స్‌కి ఇది నీరసం పాట అని మంట. ఇటు బ్రిటిష్‌వాళ్ళకేమో మన కుర్రాళ్ళు జర్మన్‌లో పాడుతున్నారే అని ఇబ్బంది, అందుకే ఇంగ్లిషులో రాయించారు. రెండు వైపుల పెద్దలూ ఒకే పాట మీద విసుక్కున్నారంటే ఆ పాటలో ఏదో నిజం ఉన్నట్టే.

ఇక తాతయ్య సొంత ప్లేటు. 1943 నాటి 'కిస్మత్' సినిమాలో 'దూర్ హటో ఏ దునియావాలో', అమీర్‌బాయి కర్ణాటకీ, ఖాన్ మస్తానా పాడినది. ప్రదీప్ రాశారు, అనిల్ బిశ్వాస్ వరస. దీని అరుగుదల వేరే రకం. గాడి తెల్లబడటం కన్నా, అంచున ముల్లు దించే చోట గీతలు దట్టంగా ఉన్నాయి. పాట అయిపోగానే ముల్లు ఎత్తి మళ్ళీ మొదట పెట్టినట్టు, అదీ ఆత్రంగా. సినిమా హాళ్ళలో కూడా ఈ పాట దగ్గర జనం వన్స్‌మోర్ కొట్టి రీలు వెనక్కి తిప్పించేవారని చెప్తారు.

సెన్సారుని దాటిన తీరు అందరికీ తెలిసిందే. దూరం పోండి, హిందుస్థాన్ మాది అంటూనే, జర్మన్ ముందు గానీ జపానీ ముందు గానీ తలవంచకు అని ఒక మాట వేశారు. ఇది యుద్ధానికి పనికొచ్చే పాటే అని సెన్సారు వాళ్ళు సంతకం పెట్టారు. హాల్లో కూర్చున్నవాడికి మాత్రం దూరం పోవలసినవాడు ఎవడో తెలుసు. క్విట్ ఇండియా జరిగి ఏడాది కాలేదు. తరవాత ప్రదీప్ అరెస్టు తప్పించుకోవడానికి అజ్ఞాతంలోకి వెళ్ళాల్సి వచ్చింది.

మాస్టారు ఈ కథ చెప్పి "జపానీ అన్నది ఉత్త ముసుగు మేడమ్" అన్నారు. అక్కడ నాకు ఒప్పుదల కాలేదు. బొంబాయిలో అది ముసుగేమో గానీ విశాఖలో కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు ఇక్కడా కాకినాడలోనూ బాంబులు వేశాయి. అమ్మమ్మ కడుపుతో ఉందట. రాత్రికి రాత్రి ఎడ్లబండి కట్టించుకుని చోడవరం వైపు పోయారు. ఊరు ఖాళీ. "దొరలు మనకంటే ముందే పోయార్రా" అనేది అమ్మమ్మ. రంగూన్ నుంచి నడిచొచ్చిన మన కూలీలు అప్పటికే దారుల్లో కనబడుతున్నారు. అంత జరిగిన ఏడాదికి ఈ పాట విన్న రైల్వే గుమస్తా జపానీ అన్న మాటని ముసుగుగా విని ఉంటాడని నేననుకోను. ఇద్దర్నీ కలిపే పొమ్మని ఉంటాడు. పగలు ఆ దొర ప్రభుత్వానికే రైళ్ళ లెక్కలు రాసి, రాత్రి ఇంటికొచ్చి ఈ ముల్లు దించుకున్న మనిషి ఆయన. మూడేళ్ళకి ఆ దొర సామానే వేలంలో పాడి, వాళ్ళ పాటలు కూడా తెచ్చుకున్నాడు.

మాస్టారు కాసేపు మాట్లాడలేదు. తరవాత 'ఏ మేరే వతన్ కే లోగో' కూనిరాగం తీశారు. అదీ ప్రదీప్ రాసిందే. చైనాతో ఓడిపోయాక, 1963 జనవరి 27న ఢిల్లీలో నెహ్రూ ఎదుట లతా పాడింది. దూరం పోండి అని గద్దించిన కలమే ఇరవై ఏళ్ళకి కళ్ళల్లో కాస్త నీళ్ళు నింపుకోండి అంది. గెలుస్తామన్న ధీమా ఉన్నప్పుడు సీగ్‌ఫ్రీడ్ లైన్ మీద బట్టలు ఆరేస్తారు, దెబ్బ తిన్నాక ఎవరూ ఆరెయ్యరు. అక్కడైనా ఇక్కడైనా.

ఇక మిగతా ఒక మార్కు. పది రోజులన్నది మూడు వారాలైంది. అది పెద్ద విషయం కాదు. పెన్‌డ్రైవ్ ఇంటికి తెచ్చి పెట్టుకుంటే, గరగర తీసెయ్యాలన్న ఉత్సాహంలో కుర్రాడు సాఫ్ట్‌వేర్‌ని పాటల మీదికి పూర్తిగా వదిలేసినట్టున్నాడు, వెరా లిన్ బక్కెట్లో తలపెట్టి పాడుతున్నట్టుంది. స కారాలన్నీ ఎగిరిపోయాయి, పల్లవికి ముందు తీసుకునే ఊపిరి కూడా పోయింది. గరగరతోపాటు మనిషినీ కడిగేశాడు. పైగా సాఫ్ట్‌వేర్ తనంతట తాను పేరు గుర్తుపట్టి, 1953లో ఆమె సైనికుల కోరస్‌తో మళ్ళీ పాడినదాని బొమ్మ తగిలించింది. కిస్మత్ పాటకి 'ట్రాక్ 07' అని పేరు. లేబుల్ ఫొటోలు తీసిస్తామన్నారు, సగం మసక.

వెనక్కి తీసుకెళ్తే మాస్టారు గొడవ పెట్టుకోలేదు. మొత్తం మళ్ళీ ఎక్కించి, శుభ్రం చేసినదొకటి, ఏమీ ముట్టుకోనిదొకటి రెండు ఫోల్డర్లుగా, ఎంపీత్రీ కాకుండా వేవ్ ఫైళ్ళలో ఇచ్చారు. అదనంగా పైసా తీసుకోలేదు. చీలిన ప్లేటుకీ డబ్బు తీసుకోలేదు, వేసి చూడనూ లేదు, ముల్లు పోతుందని. మిగతా నాలుగూ డాన్సు బ్యాండు ప్లేట్లు, వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ఇరవై వైపులకి నాలుగు వేలైంది.

వెళ్ళేవాళ్ళకి: ప్లేట్లు ఇస్తున్నప్పుడే "స్పిరిట్ వద్దు, ఫిల్టర్ చెయ్యని కాపీ కూడా కావాలి" అని రసీదు మీద రాయించుకోండి. ఎక్కించేముందు భూతద్దంలో చూపించమని అడగండి, అడిగితేనే చూపిస్తారు. ఆదివారం సెలవు. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా షట్టరు సగం దించి ఉంటుంది. లోపల ఏదో పాట వినిపిస్తుంటే మాస్టారు మెలకువగానే ఉన్నట్టు, తట్టండి.